అక్క అన్న పోనీ

జూన్ 2, ఆదివారం

మళ్ళీ ఓడిపోయాం. వాళ్ళింట్లో బావ పక్క గదిలో కూర్చుని విజిల్ ఊదితే, అది అక్క ఫోన్‌లోంచి వచ్చి నా హెడ్‌ఫోన్స్‌లో పేలింది. డ్రిల్లు మాస్టారు కదా, ఆ విజిల్ మెడలోంచి తియ్యడు. స్నానానికైనా తీస్తాడో లేదో అక్కనడగాలి.

కంప్యూటర్లో ఈ కోటల ఆట మాకు నేర్పింది బావే. తనొక పక్క, అక్కా నేనూ ఒక పక్క. తలా ఒక సైన్యం, మా ఇద్దరికీ కలిపి ఒకడే రాజు. రాజు చస్తే ఆట సరి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడతాం, టీ వేళకి మా రాజు చస్తాడు. ఓడించడానికి బావకి మనుషులు కావాలి, ఆ మనుషులం మేము.

ఈసారి తప్పు మాత్రం నాది కాదు. వంతెన మీద అక్క ఈటెలవాళ్ళు నిలబడాలి, అంతే. వాళ్ళకున్న పని అదొక్కటే. బావ గుర్రాలు దగ్గరికి రాగానే ఇద్దరిద్దరుగా పక్కకి తప్పుకుని దారిచ్చారు, అంబులెన్సుకి ఇచ్చినట్టు. ఆ గుర్రాలు తిన్నగా వచ్చి నా విలుకాళ్ళ మీద పడ్డాయి. కత్తి లేచినప్పుడల్లా ఒక తల దొర్లింది. రాజుని గడ్డివాములో దాచాను. గడ్డితో పాటే పొడిచారు.

అక్కకి ఇంత తెలివుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో వెంట్రుకవాసి తేడా లేకుండా అద్దాలు అరగదీస్తుంది, ఆటకొచ్చేసరికి చేతులకి ఏమవుతుందో.

ఆట అయ్యాక హెడ్‌ఫోన్స్ బావకివ్వమని అక్కకి చెప్పి మళ్ళీ అడిగాను. అక్కని ఒక వారం పంపు బావా, నేను ఈ గదిలోకి మారాక ఒక్కసారీ రాలేదు అని. ఇన్నాళ్ళూ అడిగినప్పుడల్లా ఒక సాకు. ఈసారి సాకు లేదు. నవ్వుతూ అన్నాడు:

“నన్ను ఓడించి తీసుకెళ్ళు మరదలా.”

నవ్వులాటకే అన్నాడు. కానీ అన్నాడు కదా. ఆ మాట పట్టుకున్నాను, ఇక వదలను.


జూన్ 3, సోమవారం

నడుం విరిగింది. ఇవాళ బేకరీ వ్యాన్ రెండు లోడ్లు తోలాను. వెనక ట్రేలు దింపే బాబాయికి దగ్గు ఎక్కువైంది, అయినా తట్టడం మానలేదు. వ్యాన్ రేకు మీద ఒక తట్టు తడితే ఆపు, రెండు తడితే పోనీ. అది చాలదన్నట్టు నోటితో కూడా అరుస్తాడు, “పోనీ” అని. పొద్దున్నుంచి ఈ మాట ఎన్నిసార్లు వింటానో, నిద్రలో ఎవరన్నా పోనీ అంటే మంచం మీదే నా ఎడమకాలు క్లచ్ వదులుతుంది.


జూన్ 5, బుధవారం

కళ్ళజోళ్ళ దుకాణం పక్కనున్న టీ కొట్లో బన్నులు దింపుతుంటే అక్క బయటికొచ్చింది. ఎర్ర ఫ్రేమ్. పోయిన నెల నల్లది, అంతకుముందు గోధుమరంగుది. నీ షోకులకి అంతు లేదే తల్లీ అన్నాను. దుకాణంలో పనిచేస్తూ పాతవి పెట్టుకుంటే బేరాలెలా వస్తాయే అంది. ఫ్రేమ్ కొంచెం పెద్దదైనట్టుంది, ముక్కు పక్కన గీరుకుపోయింది.

ఆదివారం సంగతి ఎత్తాను. వంతెన మీద నుంచి కదలొద్దని గట్టిగా చెప్పాను. ఓడిపోతే ఏమైందే, ఆటే కదా అంది. నాకు ఒళ్ళు మండింది. నీకోసమే కదా ఆడుతున్నది, ఒక్క వారం నా దగ్గర పడుకుని లేస్తే నీ సొమ్మేం పోయింది అన్నాను. అమ్మ పోయాక నాకు జడ వేసిన చేతులవి. ఆ చేతులకి ఒక వారం నేను వండి పెడదామంటే ఇంత యాగీ ఏమిటి.

అక్క నా చెంప మీద పిండి తుడిచి లోపలికి పోయింది.


జూన్ 9, ఆదివారం

ఓడిపోయాం గానీ, బావకి చెమటలు పట్టించాం. బయటి గోడ వెంబడి ఉన్న ధాన్యం కొట్లన్నీ తగలబెట్టాను. కాపలావాళ్ళు మంటలార్పడానికి బిందెలతో పరిగెడుతుంటే విలుకాళ్ళ చేత వీపుల్లో కొట్టించాను. బిందె ఒకపక్క, మనిషి ఒకపక్క. వీధి పొడుగునా వాళ్ళే. విజిల్ లేదు, ఎగతాళి లేదు, పక్క గదిలో బావ ఉన్నాడో లేడో అన్నంత నిశ్శబ్దం.

అప్పుడు మా కోట తలుపు తెరుచుకుంది. తాళం అక్క చేతిలో ఉంది. పొరపాటున నొక్కానే అంది. బావ గొడ్డళ్ళవాళ్ళు లోపలికొచ్చి మా రాజుని మెట్ల మీదే నరికేశారు. నరికాక కూడా నరికారు.

అక్కతో ఆడటంలో ఇంకో తంటా, తను మాట్లాడదు. వంటగది బల్ల దగ్గర లాప్‌టాప్, పక్క గదిలో బావ, మధ్యలో తలుపు బార్లా. నా మాట అక్క చెవిలోకి మాత్రమే పోతుంది, అక్క మాట ఇల్లంతా వినిపిస్తుంది. అందుకని నేను వందమాటలు వాగితే తను ఒక్క ముక్క అంటుంది. ఆగు. కుడి. ఊఁ.

ఆట అయ్యాక ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయినట్టుంది. ధడేల్మని చప్పుడు. వెంటనే ఇంకోటి. గాలికి తలుపు కొట్టుకుని ఉంటుంది. ఇక్కడ ఆకు కదలడం లేదు. వాళ్ళ వీధి కొంచెం ఎత్తు కదా, గాలి ఉంటుంది.


జూన్ 10, సోమవారం

అక్క ఫోన్ ఎత్తలేదు. పని ఎక్కువై ఉంటుంది.


జూన్ 12, బుధవారం

నీలం ఫ్రేమ్.

నేను నవ్వాను. బాబాయి నవ్వలేదు. వ్యాన్ ఎక్కాక, మీ అక్కకి కళ్ళజోళ్ళు నిలవవా అమ్మాయ్ అన్నాడు. షోకులు బాబాయ్ అన్నాను. చాలాసేపు తట్టలేదు. నేనే వెనక్కి తిరిగి ఏం, పోనిద్దామా అని అడగాల్సి వచ్చింది.


జూన్ 14, శుక్రవారం

దొరికింది.

బావ కోటని గోడలెక్కి గెలవలేం. వంతెన మీద గెలవలేం. నేనేం చేస్తాను రోజూ? ట్రేలు వేసుకుని వెళ్తాను, గేటు తెరుచుకుంటుంది. ఏ గేటు దగ్గరా ఎవడూ నన్ను ఆపి నువ్వెవరన్న పాపాన పోలేదు. రొట్టె బండి అంటే గేటు దానంతటదే తెరుచుకుంటుంది.

బావ కోటకీ రొట్టె కావాలి. పోయిన ఆదివారం చూశాను, ధాన్యం బళ్ళు వెనక తలుపు గుండా వస్తాయి. ఆ బళ్ళని అడవి దారిలో పట్టుకుని, వాటి వెనకే నా గుర్రాల్ని తోలితే? తలుపు బండిని చూస్తుంది, బండి వెనక ఎవరున్నారో చూడదు. కంప్యూటర్ మీద నాలుగుసార్లు ఆడి చూశాను. నాలుగుసార్లూ గుర్రాలు లోపలికి పోయాయి.

బావా, కాచుకో.


జూన్ 16, ఆదివారం

గెలిచాం. గెలిచాం. గెలిచాం.

మొదట్నుంచీ రాసుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

బావ ఎప్పట్లాగే వంతెన మీదికి వచ్చాడు. ముందు గుర్రాలు, వెనక గొడ్డళ్ళు. ఇటువైపు అక్క ఈటెలవాళ్ళు. గుర్రం వచ్చి ఈటె మీద పడితే ఆటలో ఒక చప్పుడొస్తుంది, తడిబట్ట బండకేసి బాదినట్టు. అది వరసపెట్టి వినిపించింది. మొదటి వరస గుర్రాలు గుచ్చుకుని అక్కడే కూలాయి. వెనకవి వాటినెక్కి వచ్చాయి. అక్క మనుషులు అలవాటు ప్రకారం పక్కకి తప్పుకోబోయారు. ఈసారి వాళ్ళ వెనక నా డాలుమనుషుల్ని అడ్డంగా పెట్టాను, తప్పుకోవడానికి చోటు లేకుండా. చోటు లేక పోరాడారు. చెయ్యి తెగినవాడు రెండో చేత్తో పొడిచాడు. గొడ్డలి దెబ్బకి శిరస్త్రాణం తలతో సహా రెండైంది. కాసేపటికి వంతెన మీద అడుగు పెట్టడానికి చెక్క కనబడలేదు, శవాల మీద నిలబడి శవాల్ని చేస్తున్నారు. కిందనుంచి నీళ్ళు ఎర్రగా పోతున్నాయి.

వాళ్ళెందుకక్కా పక్కకి జరుగుతున్నారు, చచ్చినా కదలొద్దని చెప్పు అన్నాను.

బావ కళ్ళు ఇటే ఉండాలని ముందు గోడకి నిచ్చెనలు వేయించాను. అవి ఉత్తుత్తి నిచ్చెనలని నాకు తెలుసు, ఎక్కేవాళ్ళకి తెలియదు. పైనుంచి కాగే నూనె పోశాడు, దాని మీద కాగడా వేశాడు. మంటలంటుకున్నవాళ్ళు గుండ్రంగా పరిగెత్తి పరిగెత్తి నదిలో దూకారు. కవచాల బరువుకి మునిగారు. అరుపులు బాగా పెట్టారు ఆటలో, హెడ్‌ఫోన్స్ కొంచెం పక్కకి జరుపుకోవాల్సి వచ్చింది. ఇంకో వరసని ఎక్కించాను. వాళ్ళూ అంతే. ఇంకో వరస.

ఈలోగా వెనక వైపు ధాన్యం బండి వచ్చింది. తలుపు తెరుచుకుంది.

బండి వెనకే గుర్రాలు. కాపలావాడు తలుపు ముయ్యబోతే వాడినీ తలుపునీ కలిపి తొక్కుకుంటూ పోయాయి. పెరట్లో వంటవాళ్ళు, కమ్మరులు, నీళ్ళు మోసేవాళ్ళు. వాళ్ళని ఒదిలెయ్యొచ్చు. ఒదల్లేదు. బావ సైన్యమంతా బయట వంతెన మీద ఇరుక్కుంది, తిరిగి రావడానికి శవాలు అడ్డం. లోపల మిగిలింది రాజు, ఎర్ర అంగీ వేసుకుని బురుజు కింద నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురు కూడా లేరు.

గుర్రాల్ని ఆపాను. అక్కా, రాజు దొరికాడు, ఒంటరిగా ఉన్నాడు, ఏం చెయ్యమంటావ్ అని అడిగాను. అడగక్కర్లేదు నిజానికి. కానీ వంతెన మీద చచ్చినవాళ్ళంతా అక్క మనుషులే, ఆ ఆఖరి మాట అక్క నోటి నుంచి వస్తే బాగుంటుందనిపించింది.

ఊపిరి వినిపించింది. తర్వాత, చాలా మెల్లగా:

“పోనీ.”

పోనిచ్చాను.

మొదటి గుర్రం రాజుని గోడకేసి కొట్టింది. లేచాడు. రెండోదాని మీదున్నవాడు ఈటెతో పొట్టలో పొడిచి, ఈటె రాకపోతే అలాగే ఈడ్చుకుపోయాడు. పెరడు చుట్టూ ఎర్ర అంగీ, దాని వెనక ఎర్ర చార. అక్క మళ్ళీ అంది, ఈసారి గట్టిగానే, “పోనీ, పోనీ” అని. రెండుసార్లు. అచ్చు బాబాయి రెండు తట్లలాగే. నాకు ఇంకా ఊపొచ్చింది. రాజు చచ్చాడని తెర మీద అక్షరాలు పడ్డాక కూడా తొక్కిస్తూనే ఉన్నాను, మౌస్ ఆపలేదు.

విజిల్ లేదు.

కాసేపయ్యాక చెవి పక్కనే బావ గొంతు. అక్క హెడ్‌ఫోన్స్ తీసుకున్నట్టున్నాడు. బాగా ఆడావు మరదలా అన్నాడు. మాట మాటే బావా, అక్క రేపు రావాలి అన్నాను. పంపుతాను అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో. ఓడిపోతే మనుషులు మెత్తబడతారు కాబోలు.

ఫోన్ కట్టయింది. ఇవాళ తలుపు చప్పుడేం వినలేదు.


జూన్ 17, సోమవారం

గది అంతా ఊడ్చాను. మంచం కింద నుంచి ఎప్పటిదో బన్ను దొరికింది, రాయిలా ఉంది, బావ కోట మీదికి రాళ్ళు విసిరే బళ్ళలో పెట్టొచ్చు. కొత్త దిండు కొన్నాను. పళ్ళు తోముకునే బ్రష్షు ఇంకోటి. ఆకుపచ్చది అక్కకి, నాది పాతదే.

సాయంత్రం దాకా చూశాను. రేపు వస్తుందేమో. సర్దుకోవడానికి ఒక రోజు పడుతుంది కదా.


జూన్ 18, మంగళవారం

బావ దగ్గర్నుంచి ఫోన్లో రెండు ముక్కలు వచ్చాయి. అక్క జారిపడింది. చెయ్యి విరిగింది.

వాళ్ళ స్నానాల గది నేల నున్నగా ఉంటుంది. ఒకసారి నేనే జారబోయాను.


జూన్ 18, మళ్ళీ

నేను జారబోయింది వాళ్ళింట్లో కాదు. బేకరీలో.


జూన్ 19, బుధవారం

ఆసుపత్రికి వెళ్ళాను. ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. బావ పక్కనే కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు, ఒక్కో తొన పీచు తీసి అక్క నోట్లో పెడుతున్నాడు. నర్సమ్మ చూసి మురిసిపోతోంది. మీలాంటి మొగుడు అందరికీ దొరకాలి మాస్టారూ అంది. వాళ్ళబ్బాయి ఈయన దగ్గరే పరుగు పందేలు నేర్చుకుంటున్నాడట.

మందులకని బావ కిందికి వెళ్ళాడు. అక్క ముఖం బోసిగా ఉంది. కాసేపటికి తెలిసింది, కళ్ళజోడు లేదు. ఫ్రేమ్ ఏదక్కా అన్నాను. ఇంకా తెచ్చుకోలేదే అంది.

నల్లది. ఎర్రది. నీలంది. నేను షోకులన్నాను. బాబాయికి తెలిసింది, టీ కొట్టువాడికి కూడా తెలిసే ఉంటుంది, నాకు తెలియలేదా? తెలుసుకోలేదు.

ఎప్పట్నుంచి అన్నాను. అక్క కిటికీలోకి చూసింది. చాలాసేపు ఏవేవో మాట్లాడింది, దుకాణంలో ఎవరో ముసలాయన అద్దాలు మిగిలిపోయాయనీ, ఈ చేత్తో ఎప్పటికి అరగదీస్తానోననీ. తర్వాత ఉన్నట్టుండి అంది:

“నేను పోనీ అన్నాను కదే పొట్టీ.”

“అన్నావుగా. అందుకే పోనిచ్చాను.”

“వదిలెయ్యమన్నానే. రాజుని వదిలెయ్యమన్నాను.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపమొచ్చింది, సిగ్గులేకుండా అక్క మీదే వచ్చింది. పోనీలే అనొచ్చు కదా, లే అన్న ఒక్క ముక్క తగిలిస్తే నీ నోరు అరిగిపోయేదా, నా చెవికి పోనీ అంటే బండి తియ్యమనే కదా అని అరిచాను. పక్క మంచం ఆవిడ ఇటు తిరిగింది.

“ఆయన వింటున్నారే. పోనీలే అంటే దయ తలిచానని తెలిసిపోదూ? తను ఓడితే ఒక కోపం, నేను కావాలని గెలిపించానని తెలిస్తే ఇంకో కోపం.”

అందుకా వంతెన మీద వాళ్ళు పక్కకి తప్పుకునేది. అందుకా మా కోట తలుపు తెరుచుకున్నది. ప్రతి ఆదివారం టీ వేళకి మా రాజుని చంపించి, ఆ రోజుకి తను బతికేది.

నాతో వచ్చెయ్యి అన్నాను. ఇప్పుడే, ఈ మంచం మీద నుంచే. అక్క ఎడమచేత్తో నా జుట్టు వెనక్కి దువ్వింది. కట్టు విప్పాక చూద్దాంలే అంది. పోనీలే అంది. ఈసారి లే గట్టిగా పలికింది.

బావ మందులు తీసుకుని వచ్చాడు. మరదలా, ఒక తొన తింటావా అన్నాడు.


జూన్ 20, గురువారం

సెలవు పెట్టాను. ఆట పెట్టాను. అవతల కంప్యూటర్ సైన్యం, వాళ్ళ రాజుకి ఎర్ర అంగీ వేశాను.

వాడిని గుర్రాలతో తొక్కించాను. మళ్ళీ మొదలుపెట్టి నూనెలో ముంచాను. మళ్ళీ మొదలుపెట్టి బురుజు మీద నుంచి తోయించాను, కింద ఈటెలు పైకి పట్టించి. కోట తగలబెట్టి తలుపులు మూయించాను. పొగలోంచి చేతులు బయటికొస్తే ఆ చేతులు నరికించాను. ప్రతివాడికీ బావ ముఖమే. కళ్ళు మండిపోతున్నాయి, అన్నం తినలేదు, ఎంత చంపినా వాడు మళ్ళీ లేచి అదే బురుజు కింద నిలబడుతున్నాడు. చివరికి హెడ్‌ఫోన్స్ గోడకేసి కొట్టాను. ఒక చెవి పోయింది.

ఇంత చేసినా లెక్క ఒకటే. ఆ గుర్రాల్ని వదిలింది నేను. ఆ చెయ్యి విరిచింది వాడు.

వాడే. రెండూ ఒకటి కాదు. కాదు.


జూన్ 22, శనివారం

బాబాయికి చెప్పేశాను. ట్రేల మధ్య కూర్చుని అంతా విన్నాడు. వ్యాన్ వేసుకుని వెళ్ళి అక్కని ఎత్తుకొచ్చేస్తాను, అడ్డమొస్తే వాడి మీద నుంచి పోనిస్తాను అన్నాను. అననిచ్చాడు. ఏడవనిచ్చాడు. తర్వాత అన్నాడు:

“తట్టకుండా బండి తియ్యకు అమ్మాయ్. మొన్న అదే చేశావు.”

తట్టిందనుకున్నాను బాబాయ్ అన్నాను. అనుకున్నావు అన్నాడు. ఒకసారి అడగాల్సింది అన్నాడు. ఆ ముసలాడి నోట్లో పళ్ళు లేవు గానీ మాట మాత్రం కరుస్తుంది.


జూన్ 23, ఆదివారం

అక్కని ఇంటికి తీసుకెళ్ళారు. ఆట లేదు. టీ వేళకి మాత్రం చెవిలో విజిల్ మోగినట్టయింది.


జూన్ 24, సోమవారం

అక్క ఫోన్ చేసింది. వెనక టీవీ, బావ దగ్గు.

రేపట్నుంచి మా ఇంటికి కూడా రొట్టె వెయ్యవే అంది. మామూలు గొంతు. ఏ రొట్టె అన్నాను. ఏదో ఒకటి, పొద్దున ఆయన బడికి బయల్దేరే ముందు అయితే మంచిది అంది. ఆయన వెళ్ళాక రాకూడదా అని అడిగాను. ఆయన వెళ్ళేటప్పుడు బయట నుంచి తాళం వేసుకుంటారు కదే, కట్టు చేత్తో నేను లేచి తలుపు తియ్యలేనని అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు ఆయన కోసం.

మొన్నటిలా కాదు, ఈసారి అడిగాను. అక్కా, నేను తప్పు వినకూడదు, ఇంకొక్క ముక్క చెప్పు అన్నాను. టీవీ చప్పుడులో గొంతు తగ్గించి అంది:

“ధాన్యం బండికి తలుపు తెరుచుకుంది చూడు. అట్లా రావాలి.”

రేపు ట్రేలన్నీ వెనక్కి సర్ది, ముందు సీటు తుడిచి పెడతానన్నాడు బాబాయి.


జూన్ 25, మంగళవారం

అక్క నా మంచం మీద నిద్రపోతోంది. రాయాలి.

వీధి మలుపులో హారన్ కొట్టాను. బావ ట్రాక్ సూట్లో, విజిల్ మెడలో, గేటు తనే తెరిచాడు. రొట్టె బండికి తెరిచాడు. ఓహో మరదలు కొత్త బేరం పట్టిందే అన్నాడు. బాబాయి రెండు రొట్టెలు చేతికిచ్చాడు. రెండు చేతులా రొట్టెలతో నిలబడి ఉన్నాడు మాస్టారు, అప్పుడు అక్క బయటికొచ్చింది. భుజానికి సంచి, కాళ్ళకి చెప్పులు. కళ్ళజోడు లేక మెట్టు తడుముకుంటూ దిగింది. వ్యాన్ ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఎక్కింది. నేనూ ఎక్కాను, బాబాయి వెనక ఎక్కాడు.

అప్పటికి తెలిసింది ఆయనకి. రొట్టెలు కింద పడ్డాయి. వచ్చి బండి ముందు నిలబడ్డాడు, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాపి. విజిల్ ఊదాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. నీళ్ళ బకెట్‌తో ఒకావిడ, నోట్లో బ్రష్షుతో ఒకాయన. బడి సంచులతో పోతున్న పిల్లలు ఠక్కున ఆగి బారుగా నిలబడ్డారు. అలవాటు.

దిగు, అందరూ చూస్తున్నారు అన్నాడు అక్కతో. గొంతు పెంచలేదు. ఇంట్లో మాట్లాడుకుందాం అన్నాడు. ఆ మెత్తదనం నాకు తెలుసు, చెవి పక్కనే విన్నాను.

నా కాలు క్లచ్ మీద ఉంది. గేరు పడి ఉంది. ఒక్క క్షణం నాకు ఎదురుగా ట్రాక్ సూటు కనబడలేదు, ఎర్ర అంగీ కనబడింది. వదిలితే చాలు. ఒళ్ళంతా వదులు వదులు అంటోంది.

అక్క అంది:

“పోనీ.”

నా కాలు సగం వదలబోయింది. లోపల బాబాయి ఉన్నాడు, తట్టలేదు. నేను ఎదుటి మనిషి మీది నుంచి కళ్ళు తిప్పి అక్కని చూశాను.

“ఏ పోనీ అక్కా?”

అక్క నోటితో చెప్పలేదు. విరిగిన చెయ్యి ఎత్తింది. ఆ కట్టు చేత్తో, పళ్ళు బిగించి, డాష్‌బోర్డ్ మీద తట్టింది. ఒకటి. రెండు.

క్లచ్ వదిలాను. తొక్కలేదు, మెల్లగానే వదిలాను, బళ్ళో రొట్టెలున్నప్పుడు వదిలినట్టు. బండి కదిలింది. ఆయన కదలలేదు. బండి ఆగలేదు. విజిల్ ఊదుతూనే ఉన్నాడు, ఇంకా గట్టిగా, ఎదురుగా పిల్లలున్నారనుకున్నట్టు. బంపరు మోకాళ్ళకి తగిలేముందు పక్కకి గెంతాడు. పూర్తిగా గెంతలేదు. పక్క అద్దం భుజానికి ఫట్‌మని తగిలి, ఆయన రొట్టెల మీద కూలబడ్డాడు. లేచాడు కూడా, వెనక నుంచి బాబాయి చూసి చెప్పాడు. విజిల్ మాత్రం తాడు తెగి ఎటో పడిందట. పిల్లలు నవ్వారట.

మలుపు తిరిగాక అక్క కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది, నొప్పి వల్లే అంది. నాకూ నొప్పి వల్లే.

కొత్త దిండు మెత్తగా లేదట. ఆకుపచ్చ బ్రష్షు బాగుందట. వాడు వస్తాడు, తెలుసు. రేపు కళ్ళజోళ్ళ దుకాణం యజమానురాలు పోలీసు స్టేషన్‌కి తోడొస్తానంది. ముసలాయన అద్దాలు అక్కడే ఉన్నాయి, అక్క వచ్చేదాకా ఆగుతాడట.

సాయంత్రం వ్యాన్ అప్పగించేటప్పుడు బేకరీ ఆయన చుట్టూ తిరిగి చూశాడు. పక్క అద్దం మొదలంటా ఊడిపోయింది, కొత్తది వేయిస్తే గానీ బండి బయటికి తీయొద్దన్నాడు.

అద్దం పోయింది. పోనీ.